కారు దిగిపోయిన తల్లి

(ధ్యానమునకు: రూతు 3, 4 అధ్యాయములు, లూకా 22:54–62)





ఈ నెల మేము ఒక నవలను గురించి వ్రాస్తున్నాము. కుటుంబ ప్రార్థనలో చదువుకొనే పత్రికలో నవలల ఊసెందుకని కొందరు పెద్దలు బొమలు ముడివేయవచ్చు. అయితే మన ప్రభువు కూడ తప్పిపోయిన కుమారుని కథ చెప్పి తండ్రి హృదయమును మనకు చూపించారు. కథలో మన ముఖము కనబడితే సిగ్గుపడి సరిచేసికొనవచ్చును. ఈ నవలలో మాకు మా సంఘము కనబడినది, మా ముఖము కూడ కనబడినది. అందుకే వ్రాస్తున్నాము.

సంగతి ఇట్లు జరిగినది. పట్నములో చదువుకొంటున్న మా సంఘపు బిడ్డ ఒకతె సెలవులకు ఇంటికి వచ్చినది. ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్లిన తరువాత ఒక ఇంగ్లీషు పుస్తకము తెచ్చి మా చేతిలో పెట్టి, "అయ్యగారూ, ఇది చదివి మీరు నాకొక మాట చెప్పాలి" అన్నది. ఎందుకమ్మా అని అడిగితే, "చదివిన తరువాత చెబుతాను" అని తల వంచుకొన్నది. నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, రాత్రి ప్రార్థన ముగిసిన తరువాత రోజుకు కొన్ని పుటలు చొప్పున చదివాము. నెల రోజులు పట్టినది.

ఆ పుస్తకము పేరు నార్మల్ పీపుల్. మామూలు మనుషులు అని అర్థము. వ్రాసినది సాలీ రూనీ అనే ఐర్లండు దేశపు రచయిత్రి. ఆమె 1991లో పుట్టినది. ఈ నవల 2018లో వెలువడినది. 2020లో ఇది 12 భాగముల టెలివిజన్ ధారావాహికగా కూడ వచ్చినది గనుక మీ బిడ్డలలో కొందరు చూచియుండవచ్చును.

ముందుగా ఒక హెచ్చరిక. ఈ పుస్తకమును పిల్లల చేతికి ఇవ్వదగినదని మేము చెప్పడము లేదు. వివాహమునకు వెలుపలి శరీర సంబంధమును రచయిత్రి దాపరికము లేకుండ వ్రాసినది. వాక్యము ఎరిగినవారు ఒప్పుకొనలేని సంగతులు ఇందులో ఉన్నవి. అయినను పాపమును చూపించే పుస్తకము వేరు, పాపమును తియ్యగా అమ్మే పుస్తకము వేరు. ఇందులో తప్పు చేసినవారు ఆ తప్పు ఫలమును సంవత్సరముల తరబడి తిన్నారు. ఆ సంగతిని రచయిత్రి దాచలేదు.

ఇక కథ. ఐర్లండు పడమటి దిక్కున స్లైగో అనే జిల్లా ఉన్నది. అందులో కారిక్‌లీ అనే కల్పిత గ్రామము. 2011వ సంవత్సరము. కానెల్ అనే కుర్రవాడు, మారియాన్ అనే పిల్ల ఒకే బడిలో చివరి తరగతి చదువుతున్నారు. ఇద్దరూ తెలివిగలవారు. కానెల్ తల్లి లొరెయిన్ బడి ఈడులోనే, పెండ్లి కాకుండ అతనిని కన్నది. తండ్రి ఊసు ఇంట్లో లేదు. ఆ తల్లి మారియాన్ ఇంటిలో పాచిపని చేస్తుంది. మారియాన్ తల్లి న్యాయవాది. వారిది ఊరిలో పెద్ద తెల్లని భవనము. సాయంకాలము బడి విడిచిన తరువాత కానెల్ తన తల్లిని ఇంటికి తీసుకొని పోవడానికి ఆ భవనము గుమ్మము దగ్గరకు వస్తాడు. తల్లి చేతులకున్న రబ్బరు తొడుగులు తీసి బయలుదేరేలోపల ఆ ఇద్దరు పిల్లలూ మాటలాడుకొంటారు. అట్లు మొదలైనది.

ఇక్కడ ఒక వింత ఉన్నది. ఇంటిలో ఆ పిల్ల యజమానురాలి బిడ్డ, ఇతడు పనిమనిషి కొడుకు. బడిలో మాత్రము తారుమారు. కానెల్ ఫుట్‌బాల్ ఆడేవాడు, పదిమందికి ఇష్టుడు. మారియాన్ ఎవరితోను కలియదు. అందరూ ఆమెను వెక్కిరిస్తారు. అతడు రహస్యముగా ఆమెను ప్రేమించాడు. బడిలో ఎదురుపడితే మాత్రము ఆమె ఎవరో తెలియనట్టే ఉన్నాడు. ఆమెతో తిరుగుతున్నానని స్నేహితులకు తెలిస్తే ఏమనుకొంటారో అనే భయము అతనిని తినివేసినది. ఆమె కూడ, నాకు ఇంతకంటె ఎక్కువ దక్కదులే అన్నట్టు ఊరకున్నది.

బడి చదువు ముగిసే సమయములో అక్కడ డెబ్స్ అనే వేడుక జరుగుతుంది. మంచి బట్టలు కట్టుకొని కుర్రవాడు ఒక పిల్లను అందరి యెదుట వెంటబెట్టుకొని వెళ్లే విందు అది. కానెల్ ఆ విందుకు మారియాన్‌ను పిలువలేదు. బడిలో పేరున్న వేరొక పిల్లను పిలిచాడు. ఆ మాట విని మారియాన్ బడికి వెళ్లడమే మానివేసినది.

ఈ సంగతి లొరెయిన్‌కు కారులో తెలిసినది. ఎవరిని తీసుకొని వెళుతున్నావని కొడుకును అడిగినది. అతడు చెప్పాడు. మరి మారియాన్ సంగతి ఏమిటని అడిగినది. వారిద్దరి సంబంధము ఆమెకు తెలిసే ఉన్నది. అతని దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆ తల్లి, నిన్ను చూస్తే నాకు సిగ్గుగా ఉన్నది అనే అర్థము వచ్చేటట్టు మాటలాడి, కారు ఆపమని చెప్పి, దిగిపోయి, బస్సులో వెళతానన్నది.

ప్రియులారా, ఆ చోట మేము పుస్తకము మూసి చాలసేపు కూర్చున్నాము. ఆమె ఎవరు? ఆ పిల్ల ఇంటిలో నేల తుడిచే స్త్రీ. ఆ పిల్ల తల్లి ఇచ్చే జీతముతో బ్రదికే స్త్రీ. గొప్పింటివారికి కీడు జరిగితే లోలోపల సంతోషించేవారు లోకములో కొదువ లేరు. ఈమె అట్లు చేయలేదు. కన్నకొడుకు ఒక ఆడబిడ్డను రహస్యముగా వాడుకొని బహిరంగముగా వదలివేశాడని గ్రహించినప్పుడు ఆమె కొడుకు పక్షమున నిలువలేదు. "మగపిల్లవాడు, వాడికేమి" అనలేదు. మన ఇండ్లలో ఎంతమంది తల్లులము అట్లు కారు దిగగలము? తండ్రులమైతే ఇక చెప్పనే అక్కరలేదు.

కానెల్ చేసిన పనికి బైబిలులో పేరున్నది. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట నడుమ మంట వేసికొని కూర్చున్నవారి మధ్య పేతురు కూర్చున్నాడు. అతనిని నిలదీసినది సైనికుడు కాదు, ఒక పనిపిల్ల. చేతిలో కత్తి లేదు. అయినను ఆ గుంపులో తన పరువు పోతుందని భయపడి, మూడేండ్లు వెంట తిరిగిన ప్రభువును తాను ఎరుగనన్నాడు. కోడి కూసినది. ప్రభువు తిరిగి అతని వైపు చూచారు. ఆ చూపుకు పేతురు వెలుపలికి పోయి సంతాపపడి యేడ్చాడు. లొరెయిన్ కారు దిగడము కూడ అటువంటి చూపే. తిట్టుకంటె, దెబ్బకంటె ఆ చూపు లోతుకు పోతుంది.

ఇంకొక సంగతి. డెబ్స్ నాటి రాత్రి ఒక స్నేహితుడు కానెల్‌తో మాటలలో బయట పెట్టినదేమంటే, వారిద్దరి సంగతి స్నేహితులందరికీ ముందే తెలుసును, ఎవరికీ పట్టింపు లేదు! ఎవరి నోటికి భయపడి ఆ పిల్ల గుండె పగులగొట్టాడో వారు దానిని లెక్కచేయనేలేదు. "నలుగురు ఏమనుకొంటారో" అని మన ఊళ్లలో ఎన్ని సంబంధములు చెడినవి, ఎన్ని చదువులు ఆగినవి! ఆ నలుగురు ఎవరో లెక్కపెట్టి చూస్తే తరచుగా ఒక్కరు కూడ మిగలరు.

ఇప్పుడు రూతు గ్రంథమునకు రండి. అక్కడ కూడ ఇద్దరున్నారు, వారి నడుమ అంతస్తు భేదమున్నది. బోయజు బేత్లెహేములో పొలములున్న ఘనుడు. రూతు మోయాబు నుండి వచ్చిన విధవరాలు, కోతవారి వెనుక పరిగె ఏరుకొనే కూలి. కళ్లములో రాత్రివేళ ఆమె అతని కాళ్లయొద్ద పండుకొన్నది. తెల్లవారకముందే ఆమె లేచినది. ఒక స్త్రీ కళ్లమునకు వచ్చిన సంగతి ఎవరికీ తెలియకూడదని బోయజు కూడ తలంచాడు. అయితే ఇతడు కూడ దాచాడు గదా అని మీరు అడుగవచ్చు. అవును, దాచాడు. ఆమె పరువు కాపాడడానికి దాచాడు. తన పరువు కాపాడుకొనడానికి కాదు. ఆ దాపరికము తెల్లవారువరకే. ఆ దినమే పురద్వారమునొద్దకు పోయి, పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, ఆ మోయాబు స్త్రీని పెండ్లి చేసికొంటున్నానని అందరి యెదుట చెప్పి, వారినే సాక్షులనుగా చేశాడు. ఆ వంశములోనే దావీదు పుట్టాడు. మత్తయి సువార్త మొదటి అధ్యాయములో మన ప్రభువు వంశావళిలో ఆ పరిగె ఏరిన స్త్రీ పేరు ఉన్నది.

ప్రేమ నిజమా కాదా అని తెలిసికొనడానికి యౌవనస్థులు మమ్ములను ఎన్నో గురుతులు అడుగుతారు. మేము ఒక్కటే చెబుతాము. అది కళ్లము నుండి పురద్వారము వరకు నడువగలదా? ఎన్ని రాత్రులలో నడువగలదు? బోయజుకు ఒక్క రాత్రి పట్టినది. కానెల్‌కు నాలుగేండ్లు పట్టినది.

కథలో తరువాతి భాగము డబ్లిన్ నగరములో జరుగుతుంది. ఇద్దరికీ ట్రినిటీ కళాశాలలో సీటు వచ్చినది. 1592లో ఎలిజబెత్ రాణి కాలమున ప్రొటెస్టంటులు నెలకొల్పిన విద్యాలయము అది. రెండు వందల యేండ్లు, అనగా 1793 వరకు, ఆ దేశములో అధిక సంఖ్యాకులైన కాథలిక్కులకు అక్కడ పట్టము ఇచ్చేవారు కారు. మతమును బట్టి తలుపులు మూయడము మన వారికి కూడ చేతనైన విద్యే అని ఒప్పుకొనవలెను. కానెల్ నాటికి ఆ తలుపులు తెరచియున్నవి. అయినను కనబడని తలుపు మరొకటి ఉన్నది. అక్కడి పిల్లలు గొప్పింటి బిడ్డలు. చదువని పుస్తకమును గురించి కూడ ధైర్యముగా మాటలాడగలరు. శ్రద్ధగా చదివి వచ్చిన పల్లెటూరి కానెల్ నోరు మాత్రము పెగలదు. ఊరిలో వెలివేసినట్టున్న మారియాన్ అక్కడ అందరికీ ఇష్టురాలైనది. మన పల్లెలనుండి విశాఖకు, హైదరాబాదుకు వెళ్లిన బిడ్డలు ఈ భాగము చదివితే తమ కథే అనుకొంటారు.

అవి ఐర్లండుకు కష్టకాలపు యేండ్లు. 2008లో బ్యాంకులు కూలిపోయినవి. 2010లో యూరోపు సమాఖ్య, అంతర్జాతీయ ద్రవ్యనిధి కలిసి 8,500 కోట్ల యూరోల సహాయ పథకము ఏర్పాటు చేయవలసి వచ్చినది. సగము కట్టి విడిచిన ఇండ్ల వరుసలు ఊరి చివర ఖాళీగా నిలిచినవి. యువకులు పనికొరకు ఆస్ట్రేలియాకు, కెనడాకు వెళ్లిపోయినారు. గోదావరి జిల్లాలనుండి, కడపనుండి గల్ఫుకు బిడ్డలను పంపిన తల్లులకు ఆ బాధ వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ కాలములో ఒక వేసవి వచ్చినది. కానెల్ పని చేసే హోటలులో పని గంటలు తగ్గినవి. గది అద్దె కట్టలేడు. మారియాన్‌కు నగరములో సొంత ఇల్లున్నది. అప్పటికి వారిద్దరు మరల దగ్గరైనారు. "నెల రోజులు ఇక్కడ ఉండవచ్చునా" అని అడిగితే చాలును. అతని నోటికి ఆ మాట రాలేదు. నా తల్లి ఈమె ఇంటిలో పాచిపని చేసినది, ఇప్పుడు నేను ఈమె యెదుట చేయి చాపనా అని అభిమానము అడ్డుపడినది. అద్దె సంగతి తెలియని ఆమె, నన్ను విడిచి వెళ్లిపోతున్నాడనుకొన్నది. అతడేమో, నేను వెళితే మేలని ఆమె అనుకొంటున్నదనుకొన్నాడు. ఒక్క మాట అడుగక, ఒక్క మాట చెప్పక ఇద్దరూ విడిపోయినారు. పెండ్లి కాకుండ ఒకే ఇంట ఉండడము తగునా అనేది వేరే మాట. తగదనే మేము బోధిస్తాము. ఇక్కడ మేము చూపదలచినది పేదరికము చేసే పని. అది జేబును మాత్రమే ఖాళీ చేయదు, నోటిని కూడ కట్టివేస్తుంది. అడిగితే చులకన అవుతామని పేదవాడు ఊరకుంటాడు. ఏమి లోటున్నదని అడగాలనే ఊహ కలిగినవానికి రాదు. భార్యాభర్తల మధ్య కూడ ఇదే జరుగుతుంది. పుట్టింటి కలిమిలో భేదమున్న ఇండ్లలో ఎన్ని తగవులకు వేరు ఇక్కడ ఉన్నదో మాకు తెలియును.

తరువాత వారిద్దరికీ కళాశాలవారి స్కాలర్‌షిప్పు వచ్చినది. దానితో ఫీజు లేదు, వసతి ఉచితము, భోజనము ఉచితము. ఆమెకు అది ఒక గౌరవము. అతనికి అది జీవితమే మారిపోవడము. ఒకే బహుమానము ఇద్దరి చేతులలో రెండు విధములుగా తూగినది. సంఘములో సహాయము పంచే పెద్దలు ఈ మాట గుర్తుంచుకొంటే మంచిది.

ఇక ఆ తెల్లని భవనము లోపలి సంగతి. మారియాన్ తండ్రి చనిపోకముందు భార్యను కొట్టేవాడు, కూతురిని కొట్టేవాడు. ఇప్పుడు అన్న ఆమెను హింసిస్తాడు. తల్లి చూచి కూడ అడ్డుపడదు. అట్టి ఇంటిలో పెరిగిన పిల్ల, తనలో ఏదో లోపమున్నది, తాను ప్రేమకు తగను అని నమ్మినది. తరువాత తనను బాధపెట్టే మగవారి చేతులలోనే పడినది. ఊరిలో గౌరవము ఎవరిది? ఆ భవనపువారిది. చులకన ఎవరికి? పెండ్లి కాకుండ బిడ్డను కన్న లొరెయిన్‌కు. ప్రేమ ఏ ఇంటిలో ఉన్నది? లొరెయిన్ ఇంటిలో. మారియాన్ మొదటిసారి తల్లి ప్రేమ ఎట్లుండునో చూచినది తన ఇంటి పనిమనిషి దగ్గరనే. లొరెయిన్ చేసిన పాపమును మేము పాపమే అంటాము. అయితే పరిసయ్యుని ఇంటిలో ప్రభువు పాదములను కన్నీళ్లతో తడిపిన స్త్రీని గురించి ప్రభువు ఎవరిని మెచ్చుకొన్నారో కూడ మరువరాదు (లూకా 7).

ఐర్లండు చరిత్ర ఎరిగినవారికి లొరెయిన్ పాత్ర ఇంకొక విధముగా గుండెను తాకుతుంది. ఆ దేశములో పెండ్లి కాకుండ గర్భవతులైన పిల్లలను సంఘములు, కుటుంబములు కలిసి ప్రత్యేక గృహములకు పంపి దాచేవి. 2021లో ప్రభుత్వ విచారణ సంఘము తన నివేదికను బయట పెట్టినది. 1922 నుండి 1998 వరకు 18 గృహములలో సుమారు 56,000 మంది తల్లులు, సుమారు 57,000 మంది బిడ్డలు ఉన్నారనీ, వారిలో సుమారు 9,000 మంది బిడ్డలు చనిపోయారనీ అందులో తేలినది. దేశ ప్రధాని శాసనసభలో క్షమాపణ కోరినాడు. అది కాథలిక్కుల తప్పు అని మనము చేతులు కడుగుకొనలేము. విచారణ జరిగిన గృహములలో డబ్లిన్‌లోని బెతనీ గృహము ఒకటి. దానిని నడిపినది ప్రొటెస్టంటులే. మార్త, మరియ, లాజరులు ప్రభువును చేర్చుకొన్న గ్రామము పేరు పెట్టుకొని, బిడ్డలను సరిగా చేర్చుకొనలేకపోయినారు. లొరెయిన్‌వంటి స్త్రీ ఒక తరము ముందు పుట్టియుంటే కానెల్‌ను ఆమె చేతిలో ఉండనిచ్చేవారు కారేమో. పరువు కొరకు ప్రేమను దాచేది కుర్రవాండ్రు మాత్రమే కాదు, సంఘములు కూడ.

ఇక్కడ మేము మా తప్పు ఒప్పుకొనవలెను.

చాల యేండ్ల క్రితము మేము వేరొక సంఘములో పని చేస్తుండగా ఒక యువకుడు రాత్రివేళ మా ఇంటికి వచ్చాడు. అతని తండ్రి సంఘ పెద్ద, భూమి కలవాడు. అదే సంఘములో నాట్లకు, కలుపులకు కూలికి పోయే తల్లి బిడ్డను అతడు పెండ్లి చేసికొనగోరాడు. ఇద్దరూ బాప్తిస్మము పొందినవారే. ఒకే బల్లయొద్ద రొట్టె విరిచేవారే. కాని పేట వేరు, అంతస్తు వేరు. "అయ్యగారూ, మా నాన్నకు మీరు చెబితే వింటాడు" అని అతడు బ్రతిమాలాడు. మాటలాడతామని మాట ఇచ్చాము. మాటలాడలేదు. ఆ నెలలోనే మందిరము శ్లాబు వేయవలసియున్నది. ఎక్కువ చందా ఇవ్వవలసినది ఆ తండ్రే. ఈ వారము కాదు, వచ్చే వారము అనుకొంటూ ఊరకున్నాము. శ్లాబు పడినది. ఆ పిల్లను మూడు నెలలలో దూరపు ఊరికి ఇచ్చి పంపివేశారు. ఆ యువకునికి కట్నముతో మరొక పెండ్లి జరిగినది. ఆ పెండ్లి చేసిన పాస్టరు మేమే.

ఆ మందిరము ఇప్పటికీ గట్టిగా ఉన్నది. వాన కురిసినా ఒక్క చుక్క కారదు. దానిని చూచినప్పుడెల్లా మాకు కోడి కూసినట్టుంటుంది. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము వాడిని మంచి చోట కూర్చుండబెట్టి, బీదవానిని పాదపీఠమునకు దిగువను కూర్చోమనే సంఘమును గద్దించాడు. ఆ గద్దింపు మేము ఎన్నిసార్లు బోధించామో! మా గుమ్మమునకు వచ్చిన దినమున మేము ఆచరించలేదు.

నవల చివరకు ఏమైనదని మీరు అడుగుదురు. కానెల్ చిన్ననాటి స్నేహితుడు ఒకడు ఆత్మహత్య చేసికొన్నాడు. ఆ దుఃఖములో కానెల్ మనసు కృంగిపోయి, కళాశాల ఆలోచనకర్త యొద్దకు వెళ్లి సహాయము పొందాడు. ఈ మాట ఊరక వ్రాయడము లేదు. మీ బిడ్డ నిద్ర మాని, తిండి మాని, మౌనముగా ఉంటే విశ్వాసము చాలలేదని నిందింపక, ప్రార్థనతోపాటు వైద్యుని యొద్దకు కూడ తీసుకొని వెళ్లండి. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరినప్పుడు దేవుడు మొదట అతనికి నిద్రను, రొట్టెను, నీళ్లను ఇచ్చారు. మాట తరువాత చెప్పారు.

అన్న చేతిలో మారియాన్‌కు దెబ్బ తగిలి ముఖము రక్తమైనప్పుడు ఆమె కానెల్‌ను పిలిచినది. ఈసారి అతడు ఆ ఇంటి ముఖద్వారమున నిలిచి, ఆమెను ఇక ముట్టవద్దని ఆ అన్నతో చెప్పి ఆమెను తీసుకొని వచ్చాడు. ఆ క్రిస్మసుకు ఆమె లొరెయిన్ ఇంటనే ఉన్నది. కొత్త సంవత్సరపు రాత్రి, తన ఊరిలో, తన స్నేహితులందరు చూస్తుండగా కానెల్ ఆమెను ముద్దు పెట్టుకొన్నాడు. మన మర్యాదకు అది ఎబ్బెట్టుగా తోచవచ్చు. కాని నాలుగేండ్ల క్రితము ఆమెను ఎరుగనట్టు నటించినవాడు, ఈమె నాది అని ఊరి యెదుట ఒప్పుకొన్నాడన్నమాట. పేతురును ప్రభువు గలిలయ ఒడ్డున, మరల నిప్పుల దగ్గరనే, తోటి శిష్యుల యెదుటనే, నీవు నన్ను ప్రేమించుచున్నావా అని మూడుమార్లు అడిగి నిలువబెట్టారు (యోహాను 21). బహిరంగముగా బొంకినవాడు బహిరంగముగానే ఒప్పుకొనవలెను.

ఆఖరున కానెల్‌కు న్యూయార్కులో చదువుకొనే అవకాశము వచ్చినది. వెళ్లమని ఆమెయే చెప్పినది. అక్కడ కథ ఆగుతుంది. ఇక్కడ మాకు తృప్తి కలుగలేదు. ఇంత ప్రేమించినవారు ఒకరికొకరు ఏ మాటా ఇచ్చుకొనలేదు. సాక్షులు లేరు, నిబంధన లేదు, దేవుని నామము లేదు. పురద్వారము వరకు వచ్చి, పెద్దలను కూర్చుండబెట్టకుండ తిరిగిపోయినట్టున్నది. ప్రేమ మనిషిని మార్చగలదని రచయిత్రి చూపినది, అది నిజమే. కాని మనిషి ప్రేమ అలసిపోయిన దినమున దానిని నిలువబెట్టేది నిబంధన. మన బిడ్డలకు మనము ఇవ్వగలిగినది అదే. దానినే కులము చూచి, కట్నము చూచి వారికి దూరము చేస్తున్నాము.

పుస్తకము తిరిగి ఇవ్వడానికి ఆ బిడ్డను ఇంటికి పిలిచాము. అమ్మగారు టీ ఇచ్చి ప్రక్కన కూర్చున్నది. అప్పుడు చెప్పినది. పట్నములో ఒక అబ్బాయి ఉన్నాడట. విశ్వాసుల కుటుంబమేనట, కలిగినవారట. రెండేండ్లుగా ఈమెను పెండ్లి చేసికొంటానంటున్నాడు. ఇంట్లో మాత్రము చెప్పలేదు. స్నేహితుల యెదుట ఈమె ఎవరో తెలియనట్టు ఉంటాడు. ఈమె తల్లి హాస్టలులో వంటపని చేస్తుంది.

"చెడ్డవాడు కాదు అయ్యగారూ, భయపడుతున్నాడంతే" అన్నది.

"పేతురు కూడ చెడ్డవాడు కాదమ్మా" అన్నాము. "భయపడ్డాడంతే. కాని ఆ రాత్రి ప్రభువు ఒంటరివాడైనాడు. నీవు అతనిని ఒక్కమాట అడుగు. పురద్వారమునొద్దకు ఎప్పుడు వస్తావని అడుగు. దినము చెప్పమను. వస్తే, అతని తండ్రి దగ్గరకు మేమే వస్తాము. ఈసారి వచ్చే వారము అనము."

"రాకపోతే?"

జవాబు అమ్మగారు చెప్పినది. "రాకపోతే నీవు తక్కువదానవని కాదమ్మా. మీ అమ్మ చేతి వంట తిని ఎంతమంది బిడ్డలు చదువుకొన్నారో ఆలోచించు. సిగ్గుపడవలసినది నీవు కాదు."

ఆ బిడ్డ ఏడ్చినది. ఇంకా ఏ సంగతీ తెలియలేదు. ఆమె అనుమతితోనే ఇది వ్రాస్తున్నాము. ఆమెవంటి బిడ్డలు ఇంకా ఉన్నారు, వారికి పనికి వస్తుంది, వ్రాయండి అన్నది. ఆమె కొరకు ప్రార్థించండి.

యౌవనస్థులారా, పగలు ఒప్పుకొనలేని ప్రేమను రాత్రి అడుగవద్దు. ఆడబిడ్డలారా, దాచిపెట్టబడడము మీకు తగిన పాలు అని ఎన్నడూ అనుకొనవద్దు. ప్రభువు మిమ్ములను రక్తమిచ్చి కొన్నారు. తల్లిదండ్రులారా, మీ బిడ్డలు మీకు భయపడి దాస్తున్నారా, మిమ్ములను నమ్మి చెబుతున్నారా అని మిమ్మును మీరే పరీక్షించుకొనండి. సంఘ పెద్దలారా, తోటి సేవకులారా, మందిరము పైకప్పు కారకపోవడము మంచిదే. దాని క్రింద ఏడ్చేవారి కన్నీళ్లు కూడ మనకు కనబడవలెను.

సిలువమీద అందరి యెదుట మనలను తనవారినిగా ఒప్పుకొన్న ప్రభువు, ఒకరినొకరు ఒప్పుకొనే ధైర్యమును మన ఇండ్లకు దయచేయును గాక. ఆమేన్.